రోజుకెంత వస్తుంది? మంచు నేల కింది గ్యాస్ గురించి

గ్యాస్ హైడ్రేట్ల (గ్యాస్, నీరు కలిసి మంచులా గడ్డకట్టిన పదార్థం) గురించి పేపర్లో వార్త వచ్చిందంటే ముందు కనిపించేది ఒక పెద్ద అంకె. ప్రపంచంలోని బొగ్గు, చమురు, గ్యాస్ అన్నీ కలిపినా దానికి రెట్టింపు, ఇన్ని వందల ఏళ్ళకు సరిపోతుంది, ఇన్ని లక్షల కోట్ల ఘనపు మీటర్లు అని రాస్తారు. పక్కనే ఒక ఫోటో ఉంటుంది: అరచేతిలో మంచుముక్క, దాని మీద మంట. ఆ వార్త చదివే కోనసీమలో ఉన్న మా బాబాయి ఒకరోజు ఫోన్ చేశాడు. "ఏరా, మీ కెనడాలో మంచు కింద గ్యాసుందంట, మన సముద్రం కిందా అదే ఉందంటగా. మరి ఎవరూ తియ్యరేంట్రా?"

ఆయన అడిగింది చాలా సరైన ప్రశ్న. ఈ రంగంలో ఉన్నవాళ్ళు యాభై ఏళ్ళుగా తమకు తాము వేసుకుంటున్న ప్రశ్న కూడా అదే. నేను కాల్గరీలో ఉంటూ ఆల్బర్టా గ్యాస్ బావుల మీద పనిచేస్తున్నాను. హైడ్రేట్ల మీద పరిశోధన చేసినవాణ్ణి కాదు, కానీ హైడ్రేట్‌తో కుస్తీ పట్టడం నా ఉద్యోగంలో భాగం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మంచు నేల కింద గ్యాస్ ఉన్నమాట నిజం. దాన్ని తీయవచ్చన్నదీ నిజం, తీసి చూపించారు. అయినా అది దేశాల ఇంధన లెక్కల్లోకి ఎక్కాల్సిన వస్తువు కాదు. ఎక్కించినవాళ్ళు జనాన్ని తప్పుదారి పట్టిస్తున్నారు. దాని మీద పరిశోధన మాత్రం ఆగకూడదు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా అంటున్నానో చెప్పడానికే ఇదంతా.

ముందు వస్తువేమిటో చూద్దాం. నీరు, మీథేన్ (సహజవాయువులో ప్రధానమైన వాయువు) చల్లగా, గట్టి ఒత్తిడిలో కలిసి ఉంటే నీటి అణువులు గూళ్ళలా పేర్చుకుని ఒక్కో గూట్లో ఒక్కో మీథేన్ అణువును బంధిస్తాయి. 46 నీటి అణువులకు ఎనిమిది గూళ్ళు. ఇదే హైడ్రేట్. చూడ్డానికి మంచులాగే ఉంటుంది. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ విడిపోతే సుమారు 164 ఘనపు మీటర్ల గ్యాస్, 0.8 ఘనపు మీటరు నీళ్ళు వస్తాయి. ఇలాంటి పదార్థం ఉందని 19వ శతాబ్దం మొదట్లోనే హంఫ్రీ డేవీ క్లోరిన్‌తో చూశాడు. అయితే పరిశ్రమకు దీని దెబ్బ తెలిసింది 1934లో. గ్యాస్ పైపులైన్లు మూసుకుపోవడానికి కారణం మామూలు మంచు కాదనీ, ఈ హైడ్రేట్లేననీ హ్యామర్‌ష్మిట్ అనే అమెరికన్ ఇంజనీరు తేల్చాడు.

మాకు ఇప్పటికీ అదే తలనొప్పి. జనవరిలో బయట మైనస్ 30 ఉన్నప్పుడు, బావి నుంచి వచ్చే తడి గ్యాస్ చోక్ వాల్వు (ప్రవాహాన్ని అదుపుచేసే ఇరుకు కవాటం) దాటి ఒత్తిడి పడిపోగానే ఇంకా చల్లబడి పైపులో హైడ్రేట్ కడుతుంది. గేజీ మీద ఒకవైపు ఒత్తిడి పెరుగుతూ పోతుంది, రెండోవైపు పడిపోతూ ఉంటుంది. అప్పుడు మిథనాల్ ఎక్కించాలి, లేదా రెండు వైపులా ఒత్తిడిని నెమ్మదిగా, సమానంగా దించాలి. తొందరపడి ఒకవైపే దించితే ఆ ముద్ద పైపులో తుపాకీ గుండులా దూసుకొస్తుంది. వంపు దగ్గర పైపును చీల్చేస్తుంది. అలా మనుషులు పోయిన సందర్భాలు ఈ పరిశ్రమలో ఉన్నాయి కాబట్టే మాకు ట్రైనింగులో మొదట నేర్పేవాటిలో ఇదొకటి. ఓసారి పైపు విప్పినప్పుడు ఆ ముద్ద ముక్కను గ్లోవు మీద పెట్టుకుని చూశాను. తడి ఐసులా ఉంది, చిటపటమంటూ బుడగలు వదులుతోంది. సోడా పొంగు కన్నా గట్టి చప్పుడు. నిమిషాల్లో గ్లోవు మీద నీళ్ళు మిగిలాయి. విడిపోవడం ఇంత తేలికేనా అనిపించింది. పైపులో ఉన్నప్పుడు తేలికే, చుట్టూ వేడి అందుతుంది కాబట్టి. కిలోమీటరు లోతున ఇసుకరాతి రంధ్రాల్లో ఇరుక్కున్నప్పుడు సంగతి వేరు.

మరి ఆర్కిటిక్ ఎందుకు? సున్నా డిగ్రీల దగ్గర మీథేన్ హైడ్రేట్ నిలబడాలంటే సుమారు 26 వాతావరణాల ఒత్తిడి కావాలి, అంటే దాదాపు 260 మీటర్ల నీటి బరువు. వేడి పెరిగేకొద్దీ ఒత్తిడి ఇంకా ఎక్కువ కావాలి. ఉష్ణమండల దేశాల్లో ఆ చల్లదనం లోతైన సముద్రం అడుగున తప్ప దొరకదు. సైబీరియా, అలాస్కా, కెనడా ఉత్తరం కొసల్లో మాత్రం నేలే వందల మీటర్ల లోతు దాకా గడ్డకట్టి ఉంటుంది. దాన్నే పెర్మాఫ్రాస్ట్ అంటారు. కెనడాలోని మెకంజీ డెల్టాలో కొన్నిచోట్ల దాని మందం 600 మీటర్లు దాటుతుంది. అందువల్ల అక్కడ ఓడ అక్కర్లేకుండా నేల మీద రిగ్గు నిలబెట్టి హైడ్రేట్‌ను చేరుకోవచ్చు. ప్రపంచంలోని మొత్తం హైడ్రేట్లలో పెర్మాఫ్రాస్ట్ ప్రాంతాల వాటా ఒక శాతం చుట్టుపక్కలే, మిగతాదంతా సముద్రం కింద ఉంది. అయినా ఈ రంగంలో అసలు పాఠాలన్నీ ఆ ఒక్క శాతం దగ్గరే మొదలయ్యాయి.

మొదటిది పశ్చిమ సైబీరియాలోని మెస్సొయాఖా. 1967లో కనుక్కున్న ఈ గ్యాస్ క్షేత్రం నుంచి, 1969 చివర్లో ఉత్పత్తి మొదలుపెట్టి, నొరిల్స్క్ నగరంలోని లోహపు ఫ్యాక్టరీలకు పైపులైను వేసి గ్యాస్ పంపారు. ఆ రాతిపొర పైభాగంలో హైడ్రేట్, కిందిభాగంలో మామూలు గ్యాస్ ఉన్నాయి. కింది గ్యాస్ తీస్తుంటే ఒత్తిడి లెక్క ప్రకారం పడిపోవాల్సినంతగా పడిపోలేదు. పైనున్న హైడ్రేట్ కరిగి లోటు పూడుస్తోందని యూరీ మకొగోన్ వంటి సోవియట్ శాస్త్రవేత్తలు వాదించారు. మొత్తం ఉత్పత్తిలో మూడో వంతుకు పైగా హైడ్రేట్ నుంచే వచ్చిందన్నది వాళ్ళ లెక్క. 1990ల్లో టిమొతీ కొలెట్, గాబ్రియెల్ గిన్స్‌బర్గ్ అనే పరిశోధకులు అవే రికార్డులు తిరగేసి, అంత వచ్చినట్టు రుజువు లేదన్నారు. ఆ వాదం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నాకు మాత్రం మెస్సొయాఖాలో ముఖ్యంగా కనిపించేది వేరే సంగతి. అక్కడ హైడ్రేట్ ఎంత ఇచ్చినా, ఇవ్వగలిగింది ఎందుకంటే కింద మామూలు గ్యాస్ ఉంది, బావులు ఉన్నాయి, పైపు ఉంది, పైపు చివర కొనే ఫ్యాక్టరీ ఉంది. హైడ్రేట్ ఒక్కదాన్నే నమ్ముకుని ఎవరూ అక్కడికి వెళ్ళలేదు.

రెండోది కెనడాలోని మాలిక్. బోఫర్ట్ సముద్రం ఒడ్డున, మెకంజీ నది సముద్రంలో కలిసేచోట ఉంది. 1972లో ఇంపీరియల్ ఆయిల్ కంపెనీ మామూలు చమురు కోసం తవ్వుతుంటే హైడ్రేట్ తగిలింది. 1998లో జపాన్, కెనడా కలిసి పరిశోధన బావి తవ్వాయి. 2002లో ఇంకా చాలా దేశాలు కలిశాయి. ఆ భాగస్వాముల్లో మన భారత ప్రభుత్వ పెట్రోలియం శాఖ కూడా ఉంది, ఇది మనవాళ్ళలో చాలామందికి తెలియదు. నది గడ్డకట్టాక దాని మీద వేసే మంచు రోడ్ల మీదుగా సామాను చేరవేసి, చలికాలంలోనే పని ముగించుకోవాలి. వసంతం వస్తే ఆ రోడ్డు కరిగిపోతుంది.

2002లో వేడినీళ్ళు పంపి హైడ్రేట్‌ను కరిగించారు. అయిదు రోజుల్లో మొత్తం వచ్చింది 470 ఘనపు మీటర్ల చిల్లర. ఈ అంకె బాబాయికి అర్థమయ్యేలా చెప్పాలంటే వంట సిలిండర్లలోకి మార్చాలి. మన ఇళ్ళలో వాడే 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడి సుమారు 18 ఘనపు మీటర్ల మీథేన్‌కు సమానం. అంటే వేడినీళ్ళ పరీక్షలో వచ్చింది పాతిక సిలిండర్లు. వేడి చేయడం దండగని అప్పుడే తేలిపోయింది. కరిగించాల్సిన హైడ్రేట్‌తో పాటు చుట్టూ ఉన్న రాయినంతా వేడి చేయాల్సి వస్తుంది కదా. 2007లో పద్ధతి మార్చారు. బావిలో నీటిని పంపుతో తోడేసి ఒత్తిడి దించితే హైడ్రేట్ తనంతట తానే విడిపోతుంది. మొదటి ఏడాది కొన్ని గంటలకే ఇసుక వచ్చి పంపు మూసుకుపోయింది. 2008లో ఇసుకను ఆపే జల్లెడలు బిగించి ఆరు రోజులు నడిపితే సుమారు 13,000 ఘనపు మీటర్లు వచ్చింది. ఏడు వందల పైచిలుకు సిలిండర్లు. ప్రపంచంలో మొదటిసారి హైడ్రేట్ బావి ఆగకుండా రోజుల తరబడి గ్యాస్ ఇచ్చింది. నిజంగా గొప్ప విజయమే, దాన్ని తక్కువ చేయను. కానీ అది రోజుకు రెండు వేల ఘనపు మీటర్ల పైన. మామూలు గ్యాస్ బావి బాగా పడితే అదొక్కటే రోజుకు లక్షల ఘనపు మీటర్లు ఇస్తుంది.

ఇక్కడ ఒక సంగతి న్యాయంగా చెప్పాలి. హైడ్రేట్‌ను విడగొట్టడానికి పట్టే వేడి, అందులోంచి వచ్చే మీథేన్ మండితే ఇచ్చే వేడిలో ఆరు శాతం మాత్రమే. కాబట్టి "పెట్టిన శక్తే తిరిగి రాదు" అని కొందరు చేసే విమర్శ తప్పు. భౌతికశాస్త్రం ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది ఆ వేడి అందే వేగం. విడిపోయేటప్పుడు హైడ్రేట్ చుట్టుపక్కల నుంచి వేడి లాక్కుంటుంది, ఆ చోటు ఇంకా చల్లబడుతుంది, విడిపోవడం మందగిస్తుంది. పెర్మాఫ్రాస్ట్ కింద రాయి మొదటే చల్లన, మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. దీనికి తోడు గ్యాస్‌తో పాటు వచ్చే నీళ్ళను తోడుతూనే ఉండాలి. ఆ నీళ్ళను మైనస్ 40లో ఎక్కడికి పంపుతాం? హైడ్రేటే అక్కడి ఇసుక రేణువులను పట్టి ఉంచే జిగురు కాబట్టి, అది కరగ్గానే ఇసుక కదిలి బావిలోకి వస్తుంది. ఇవన్నీ ఇంజనీరింగ్ సమస్యలే, పరిష్కారాలు ఉన్నవే. అయితే ఒక్కో పరిష్కారానికీ డబ్బవుతుంది, ఆ డబ్బు రోజుకు వచ్చే ఆ కాస్త గ్యాస్ లోంచే రావాలి.

చైనా కథ కూడా ఇలాంటిదే. చింఘాయ్ రాష్ట్రంలోని చీల్యన్ పర్వతాల్లో, మూలీ అనే చోట, 2008లో పెర్మాఫ్రాస్ట్ హైడ్రేట్ దొరికింది. 2016లో అడ్డంగా తవ్విన బావులతో 23 రోజులు పరీక్షిస్తే వచ్చింది 1,078 ఘనపు మీటర్లు, అరవై సిలిండర్లు. ఆ తర్వాత చైనా చూపంతా దక్షిణ చైనా సముద్రం వైపు తిరిగింది. అక్కడ 2020లో 30 రోజుల్లో 8,61,400 ఘనపు మీటర్లు తీశారు.

అలాస్కా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా వాదనకు అసలు ఆధారం అక్కడే ఉంది. ఉత్తర కొసలో ఉన్న ప్రుడో బే అమెరికాలోకెల్లా పెద్ద చమురు క్షేత్రాల్లో ఒకటి. 1968లో కనుక్కున్నారు. చమురు కోసం 1977లో పైపులైను వేశారు. చమురుతో పాటు గ్యాస్ కూడా వస్తుంది, దానికి మాత్రం దక్షిణానికి వెళ్ళే పైపు లేదు. కాబట్టి ఏం చేస్తున్నారు? పైకి వచ్చిన గ్యాస్‌లో అక్కడి యంత్రాలకు కావాల్సింది ఉంచుకుని, మిగతాదాన్ని కంప్రెసర్లతో మళ్ళీ భూమిలోకే తోసేస్తున్నారు. ఏడాది రెండేళ్ళ నుంచి కాదు, దశాబ్దాల నుంచి. అక్కడా, పక్కనున్న పాయింట్ థామ్సన్‌లోనూ కలిపి సుమారు 35 లక్షల కోట్ల ఘనపుటడుగుల మామూలు గ్యాస్, కరిగించే పని లేకుండా, ఇసుక బాధ లేకుండా, తవ్విన బావుల్లో సిద్ధంగా ఉంది. పైపులైను వేస్తామని తరానికో ప్రాజెక్టు వస్తుంది, ఖర్చు లెక్క చూసి వెనక్కి తగ్గుతుంది.

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అదీ పరిస్థితి. తేలిగ్గా వచ్చే గ్యాస్‌కే దారి లేనప్పుడు, దాని పక్కనే కష్టపడితే గాని రాని గ్యాస్‌ను "అమెరికా ఇంధన భవిష్యత్తు" అనడంలో అర్థం ఏముంది? అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ అలాస్కా ఉత్తర కొస హైడ్రేట్లలో తీయదగ్గ గ్యాస్ 85.4 లక్షల కోట్ల ఘనపుటడుగులని 2008లో చెప్పింది, పదేళ్ళ తర్వాత మళ్ళీ లెక్కేసి 53.8కి దించింది. ఆ మొత్తం ఒక్క చుక్క వదలకుండా తీసినా అమెరికాకు రెండేళ్ళు రాదు.

అయినా అలాస్కాలో జరుగుతున్న పరిశోధనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. 2012లో ఇగ్నిక్ సికుమి అనే బావిలో చాలా తెలివైన ప్రయోగం చేశారు. అక్కడి ఆదివాసుల ఇనుపియాక్ భాషలో ఆ పేరుకు మంచులో మంట అని అర్థం. కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ మిశ్రమాన్ని హైడ్రేట్ పొరలోకి పంపితే, గూళ్ళలో మీథేన్ స్థానాన్ని కార్బన్ డయాక్సైడ్ ఆక్రమిస్తుందా అని చూశారు. కొంతవరకు ఆక్రమించింది. సుమారు 24,000 ఘనపు మీటర్ల మీథేన్ బయటికి వచ్చింది. తర్వాత జపాన్, అమెరికా కలిసి ప్రుడో బేలోనే 2018లో పరీక్ష బావి తవ్వి, 2023 శరదృతువులో ఉత్పత్తి పరీక్ష మొదలుపెట్టి, 2024 వేసవి దాకా నడిపాయి. హైడ్రేట్ల చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువకాలం సాగిన పరీక్ష అదే. జపాన్‌కు అలాస్కా గ్యాస్‌తో పనిలేదు, దాని హైడ్రేట్ నంకాయ్ సముద్రపు గుంటలో ఉంది. అక్కడ 2013లో ఆరు రోజులకే ఇసుక వచ్చి పరీక్ష ఆగిపోయింది. సముద్రం మీద ఓడ అద్దె రోజుకు తడిసిమోపెడు. అదే పరీక్ష నేల మీద, రోడ్డు పక్కన, కరెంటు ఉన్నచోట నెలల తరబడి చేసుకోవచ్చు. పెర్మాఫ్రాస్ట్ హైడ్రేట్ విలువ నా దృష్టిలో ఇదే: ప్రపంచం మొత్తానికీ అది ప్రయోగశాల. 2013లో కెనడా ఈ పరిశోధనకు నిధులు ఆపేసినప్పుడు నాకు బాధ కలిగింది. మాలిక్‌లో అంత కష్టపడి సంపాదించిన అనుభవం మనుషులతో పాటే చెల్లాచెదురైపోయింది.

ఇక అక్కడ బతికేవాళ్ళ సంగతి. మాలిక్‌కు దగ్గర్లో ఉన్న పట్టణం ఇనువిక్. వంద కిలోమీటర్లు దాటి కొంచెం ఎక్కువ దూరం. పనిమీద ఒకసారి అక్కడికి వెళ్ళాను. ఇళ్ళన్నీ స్తంభాల మీద నిలబడి ఉంటాయి. నేల మీద కడితే ఇంటి వేడికి కింద మంచు కరిగి గోడలు ఒరిగిపోతాయి. అందుకే నీళ్ళ పైపులు, మురుగు పైపులు కూడా భూమిలో వేయరు. రేకు తొడిగిన పొడవాటి పెట్టెల్లో, నడుమెత్తున, ఇంటింటికీ తిరుగుతూ పోతాయి. వాటిని యుటిలిడార్ అంటారు. వీధి దాటాలంటే ఆ పెట్టెల మీద కట్టిన మెట్లెక్కి దిగాలి. పిల్లలు బడికి అలాగే వెళ్తారు. ఈ ఊరికి 1999 నుంచి ఇఖిల్ అనే చిన్న గ్యాస్ క్షేత్రం నుంచి, 50 కిలోమీటర్ల పైపు ద్వారా గ్యాస్ వచ్చేది. 2012లో ఆ బావిలోకి నీళ్ళు చేరాయి. అప్పటినుంచి ప్రొపేన్‌ను, ద్రవరూప గ్యాస్‌ను వేల కిలోమీటర్ల అవతల నుంచి డెంప్‌స్టర్ హైవే మీద లారీల్లో తెచ్చుకుంటున్నారు. ఇళ్ళ బిల్లులు భారీగా పెరిగాయి. ప్రపంచంలోకెల్లా బాగా అధ్యయనం చేసిన హైడ్రేట్ క్షేత్రానికి దగ్గర్లో ఉన్న ఊరు, చలికాలంలో వెచ్చదనం కోసం లారీ డ్రైవర్ మీద ఆధారపడి ఉంది.

హైడ్రేట్ వాళ్ళకు పనికొస్తుందా అంటే, పనికొస్తే వాళ్ళకే పనికొస్తుందని నా ఉద్దేశం. రోజుకు కొన్ని వేల ఘనపు మీటర్లు ఒక దేశానికి లెక్కలోకి రాకపోవచ్చు. మూడు వేల జనాభా ఉన్న పట్టణానికి, లారీ గ్యాస్ ధరతో పోల్చుకుంటే, అది ఆలోచించదగ్గ లెక్కే. అది కూడా అక్కడివాళ్ళ నిర్ణయం కావాలి. 1970ల్లో మెకంజీ లోయలో పైపులైను వేద్దామనుకున్నప్పుడు థామస్ బర్జర్ అనే న్యాయమూర్తి ఊరూరా తిరిగి, వేటగాళ్ళను, ముసలమ్మలను కూర్చోబెట్టి వాళ్ళ మాట విన్నాడు. భూమి హక్కుల సంగతి తేలేదాకా పదేళ్ళు ఆగమని 1977లో నివేదిక ఇచ్చాడు. 1984లో ఇనువియాలుయిట్ ప్రజలకు భూమి ఒప్పందం కుదిరింది. తర్వాత వచ్చిన ప్రాజెక్టులో స్థానిక తెగలు వాటాదారులుగా చేరాయి. అనుమతులన్నీ వచ్చాక, 2017లో కంపెనీలే ఆ ప్రాజెక్టును వదిలేసుకున్నాయి. దక్షిణాన షేల్ గ్యాస్ (షేల్ అనే గట్టి బంకరాతిని పగలగొట్టి తీసేది) చవగ్గా దొరుకుతుంటే ఉత్తరం నుంచి ఎవరు తెస్తారు?

షేల్ పేరెత్తగానే ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనది. షేల్ గ్యాస్ కూడా ఎప్పటికీ రాదనే కదా అన్నారు, టెక్సస్‌లో జార్జ్ మిచెల్ ఏళ్ళ తరబడి పట్టుబట్టి సాధించలేదా అని. సాధించాడు. కానీ ఆయన బార్నెట్ షేల్‌లో తవ్వుతున్నప్పుడు పక్కనే పైపులైన్లున్నాయి, రిగ్గులున్నాయి, గంట దూరంలో డాలస్, ఫోర్ట్‌వర్త్ నగరాలున్నాయి. కష్టమంతా రాయిలో ఉంది. రాయి లొంగగానే గ్యాస్ మార్కెట్‌కు చేరిపోయింది. ఆర్కిటిక్ హైడ్రేట్‌కు రాయి లొంగాక అసలు ప్రయాణం మొదలవుతుంది. ఇల్లలకగానే పండగ కాదు.

వాతావరణం గురించి రెండు మాటలు. హైడ్రేట్లు ఒక్కసారిగా కరిగి మీథేన్ బాంబులా పేలతాయని యూట్యూబ్‌లో చాలా వీడియోలున్నాయి. అవి చూసి టెన్షన్ పడక్కర్లేదు. పెర్మాఫ్రాస్ట్ హైడ్రేట్లు సాధారణంగా 200 మీటర్ల కన్నా లోతున ఉంటాయి. పైన పెరిగిన వేడి అంత లోతుకు దిగడానికి వందల నుంచి వేల ఏళ్ళు పడుతుంది. ఇప్పుడు నిజంగా కరుగుతున్నది పైనున్న కొన్ని మీటర్ల నేల. అందులో కుళ్ళకుండా గడ్డకట్టి ఉన్న గడ్డీ గాదం ఇప్పుడు కుళ్ళి కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వదులుతున్నాయి. ఆందోళన పడాల్సింది దాని గురించి. ఆ నేల మీద కట్టిన వాటి గురించి కూడా. 2020 మేలో నొరిల్స్క్‌లో ఒక డీజిల్ ట్యాంకు కుంగి సుమారు 20 వేల టన్నుల డీజిల్ నేల పాలు, నదుల పాలు అయింది. కింద నేల కరగడమే కారణమని కంపెనీ చెప్పింది. మెస్సొయాఖా గ్యాస్ వెళ్ళే ఊరు అదే. అలాంటి నేల మీద కొత్తగా వందల బావులు, రోడ్లు, పైపులు వేస్తామంటే, ఆ పని వల్ల ఇంకెంత నేల కరుగుతుందో కూడా ఖర్చులో కలపాలి. మండించిన మీథేన్ కూడా కార్బన్ డయాక్సైడే అవుతుంది. మధ్యలో లీకైతే, ఇరవై ఏళ్ళ లెక్కలో మీథేన్‌కు కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎనభై రెట్లకు పైగా వేడెక్కించే శక్తి. మూతపడిన చమురు బావుల లీకులనే సరిగ్గా ఆపలేకపోతున్న పరిశ్రమలో పనిచేస్తూ నేను ఈ మాట తేలిగ్గా అనడం లేదు.

మళ్ళీ ఆ పెద్ద అంకె దగ్గరికి వద్దాం. 1973లో సోవియట్ శాస్త్రవేత్తలు వేసిన మొదటి ప్రపంచ అంచనా, ఇప్పుడు చాలామంది ఒప్పుకునే అంచనాకు దాదాపు వెయ్యి రెట్లు. 1988లో కీత్ క్వెన్‌వోల్డెన్ అనే అమెరికా శాస్త్రవేత్త దాన్ని సుమారు 21,000 లక్షల కోట్ల ఘనపు మీటర్లకు దించాడు. "అన్ని ఇంధనాలకూ రెట్టింపు" అన్న మాట ఆ కాలంలోనిదే. 2004లో అలెక్సీ మిల్కోవ్ అనే భూగర్భ శాస్త్రవేత్త అది 1,000 నుంచి 5,000 లక్షల కోట్ల మధ్య ఉండొచ్చన్నాడు. డ్రిల్లింగ్ పెరిగేకొద్దీ అంచనా తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు మన దేశపు అంకె చూడండి. భారత సముద్రాల్లో 1,894 లక్షల కోట్ల ఘనపు మీటర్ల హైడ్రేట్ గ్యాస్ ఉందని అధికారిక పత్రాల్లోనూ, పేపర్లలోనూ ఇప్పటికీ తిరుగుతోంది. మిల్కోవ్ లెక్కతో పోల్చి చూస్తే ప్రపంచంలో ఉన్నదాంట్లో తక్కువలో తక్కువ మూడో వంతు పైన మన దగ్గరే ఉండాలి, ఎక్కువలో ఎక్కువైతే ప్రపంచం మొత్తాన్నీ మించిపోవాలి. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి అడిగే విలేఖరి ఒక్కడైనా ఉండాలని నా కోరిక.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో హైడ్రేట్ లేదనడం లేదు. 2006లో జాయిడిస్ రిజల్యూషన్ అనే ఓడ మీద వెళ్ళిన బృందానికి అక్కడ 128 మీటర్ల మందాన హైడ్రేట్ ఉన్న పొర దొరికింది. అయితే అది పగుళ్ళున్న బంకమట్టిలో ఉంది. గ్యాస్ పారడానికి ఇసుక కావాలి. 2015లో చిక్యు ఓడతో వెళ్ళినప్పుడు మంచి ఇసుక పొరలు కూడా దొరికాయి. హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు భూకంప తరంగాలతో సముద్రగర్భాన్ని చదివి ఇలాంటి చోట్లను గుర్తించడానికి ఎన్నో ఏళ్ళు కష్టపడ్డారు. వాళ్ళ పని మీద నాకు గౌరవం ఉంది. నా బాధ ఆ పనిని వార్తగా మార్చే తీరు మీద. ఇదే బేసిన్‌లో, హైడ్రేట్ కాని మామూలు గ్యాస్‌కే ఏం జరిగిందో మనం చూశాం. డీ6 బ్లాకులో 2009లో మొదలైన ఉత్పత్తి ఏడాదిలోనే రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్లకు చేరింది, తర్వాత కూలిపోయింది. బావుల్లోకి నీళ్ళు, ఇసుక వచ్చాయి. ఆ మొదటి రెండు క్షేత్రాలు 2020లో మూతపడ్డాయి. ఆ గ్యాస్‌ను నమ్ముకుని గోదావరి జిల్లాల్లో కట్టిన పవర్ ప్లాంట్లు ఏళ్ళ తరబడి ఖాళీగా నిలబడ్డాయి. వాటి అప్పులు బ్యాంకుల మెడకు చుట్టుకున్నాయి. అంటే చివరికి మనందరి మెడకు.

బాబాయికి నేను చెప్పింది ఇదే: గ్యాస్ ఉంది, తీసి చూశారు, రోజుకు వచ్చేది చాలా తక్కువ, తెచ్చే దారి లేదు. "అయితే మన సముద్రంలో కూడా తియ్యొద్దంటావా?" అన్నాడు. తీసి చూడాలి అన్నాను. కేజీ బేసిన్‌లో ఉత్పత్తి పరీక్ష జరగాలి, అలాస్కాలో నేర్చుకున్నదంతా అందులో వాడుకోవాలి, అక్కడికి మన ఇంజనీర్లను పంపి నెలల తరబడి ఆ బావి దగ్గర ఉంచాలి. పరీక్ష జరిగిన రోజు మాత్రం ప్రభుత్వం మొత్తం నిల్వ గురించి పత్రికా ప్రకటన ఇవ్వకూడదు. రోజుకు ఎన్ని ఘనపు మీటర్ల గ్యాస్ వచ్చింది, దానితో పాటు ఎన్ని నీళ్ళు తోడారు, ఎంత ఇసుక పడింది, పంపులకు ఎంత కరెంటు పట్టింది, ఎన్నో రోజున ఎందుకు ఆపారు. ఈ అయిదు అంకెలను తేదీలవారీగా ఎవరైనా చూడగలిగేలా బయటపెట్టాలి.